పొదుపు సొమ్ము దగ్గరుంచుకొని జకాత్ తీసుకోవచ్చా?

 

రమజాను నెల వచ్చిందంటే జకాత్ ఎవరి మీద విధి, ఎంత తీయాలి అన్న ప్రశ్నలు వెల్లువలా వస్తాయి. జకాత్ తీసుకునేవారు మాత్రం తమ సంగతి అడగడం చాలా అరుదు. ఒక రమజానులో ఒక సోదరి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చి ఆ ప్రశ్నే అడిగింది. ఆమె భర్త చనిపోయి ఆరేళ్ళయింది. కుట్టుపని చేసి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. ఏటా మొహల్లావాళ్ళు జకాత్ ఇస్తున్నారు. “మౌలానా సాబ్! పెద్దపిల్ల పెళ్ళికని రూపాయి రూపాయి కూడబెట్టాను. తెల్ల కార్డు కూడా ఉంది. ఈ ఏడు జకాత్ తీసుకోవడం నాకు హలాలేనా?” అని ఆమె అడిగింది.

ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. కాబట్టి దీని జవాబును వివరంగా తెలుసుకుందాం.

పొదుపు చేయడం తప్పు కాదు

ముందుగా ఒక అపోహ తొలగిపోవాలి. పేదవాడు నాలుగు రూపాయలు దాచుకుంటే, “డబ్బు ఉండి కూడా అడుగుతున్నాడు” అని కొందరు ఈసడిస్తారు. దైవప్రవక్త (స) తమ ఇంటివారి కోసం ఏడాదికి సరిపడే ఆహారాన్ని నిల్వ ఉంచేవారని సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిని దానం చేస్తానన్నప్పుడు, మూడోవంతుకు మించి అనుమతించలేదు. వారసులను పరుల ముందు చేయి చాచే స్థితిలో వదలడం కన్నా కలిగినవారిగా వదలడమే మేలని బోధించారు. కనుక పిల్లల కోసం దాచుకోవడం నింద కాదు. ఆ దాచినది ఎంతకు చేరితే మనిషి ‘ఇచ్చేవారి’ వరుసలోకి వస్తాడన్నదే ఇక్కడి ప్రశ్న.

జకాత్ ఎవరి హక్కు?

సూరయె తౌబా 60వ ఆయతులో అల్లాహ్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నాడు. వారిలో మొట్టమొదట ఉన్నవారు నిరుపేదలు, అగత్యపరులు. అయితే పేద అని ఎవరిని అనాలి? హనఫీ ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) కలిమికి మూడు మెట్లు చెప్పారు. ఈ మూడింటినీ జాగ్రత్తగా గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు: బంగారం, వెండి, నగదు, వ్యాపార సరుకు వంటి ‘పెరిగే’ సొత్తు అప్పులు పోగా నిసాబ్‌కు చేరి, దానిపై చాంద్రమాన సంవత్సరం గడిస్తే జకాత్ ఇవ్వడం విధి అవుతుంది. నిసాబ్ అంటే బంగారం ఏడున్నర తులాలు (87.48 గ్రాములు), లేదా వెండి యాభై రెండున్నర తులాలు (612.36 గ్రాములు). బంగారంతో పాటు కొంత నగదు కూడా ఉంటే రెండింటి విలువ కలిపి వెండి నిసాబ్‌తో పోల్చాలి.

రెండో మెట్టు: ఒక వ్యక్తి దగ్గర కనీస అవసరాలకు (హాజతె అస్లియా) మించి ఉన్న ఏ వస్తువైనా సరే, దాని విలువ అప్పులు పోగా నిసాబ్‌కు చేరితే అతను జకాత్ తీసుకోకూడదు. ఇక్కడ సొత్తు పెరిగేదై ఉండాలన్న షరతు లేదు. సంవత్సరం గడవాలన్న షరతూ లేదు.

మూడో మెట్టు: ఆ పూటకు, ఆ రోజుకు తిండి ఉన్నవాడు అగత్యం లేకుండా పరుల ముందు చేయి చాచి అడగరాదు. నిసాబ్ లేనివాడికి ఎవరైనా తమంతట తాము జకాత్ ఇస్తే పుచ్చుకోవడం ధర్మమే. అడుక్కోవడం మాత్రం వేరు. తీసుకునే అర్హత ఉన్నంత మాత్రాన అడిగే అర్హత రాదు.

చాలామంది పొరపాటు పడేది రెండో మెట్టు దగ్గర. ఒకాయన ఊరి చివర ప్లాటు కొని వదిలేశాడు. అమ్మకానికి కొన్నది కాదు కనుక దానిపై జకాత్ లేదు. “నా మీద జకాత్ విధి కాలేదు, కాబట్టి నేను పేదవాణ్ణే” అనుకుంటాడు. కాని ఆ ప్లాటు ప్రస్తుతం అతని అవసరాలకు మించినది, విలువ నిసాబ్‌కు మించినది. ఇతను జకాత్ ఇవ్వనవసరం లేదు, తీసుకోనూ కూడదు.

ఏది అవసరం, ఏది మిగులు?

నివసించే ఇల్లు, కట్టుకునే బట్టలు, వంటసామాను, పనికి వెళ్ళే బండి, కుట్టుమిషను వంటి వృత్తి పనిముట్లు, పిల్లల చదువు పుస్తకాలు కనీస అవసరాల్లోకి వస్తాయి. సొంత ఇంట్లో ఉంటున్నంత మాత్రాన ఎవరూ జకాత్‌కు అనర్హులు కారు.

నగలు (రోజూ పెట్టుకునేవైనా సరే), చేతిలోని, బ్యాంకులోని నగదు, వాడకుండా అటక మీద పడివున్న రాగి, ఇత్తడి సామాను, ఖాళీ స్థలం లెక్కలోకి వస్తాయి. బ్యాంకు ఖాతాలో అసలునే లెక్కించాలి. దానిపై పడిన వడ్డీ మన సొత్తు కాదు, దాన్ని వదిలించుకోవాలి. ఇక నలుగురు కలిసి వేలం లేకుండా నడుపుకునే చీటీ సంగతి: మీ వంతు ఇంకా రాకపోతే ఇప్పటిదాకా కట్టింది మీకు రావలసిన సొమ్ము, కాబట్టి అది లెక్కలో చేరుతుంది. మీ వంతు వచ్చి డబ్బు తీసుకొని ఉంటే మిగిలిన వాయిదాలు మీ మీద అప్పు, కాబట్టి వాటిని తీసివేయాలి.

ఆ సోదరి లెక్క

ఇప్పుడు ఆ సోదరి విషయానికి వద్దాం. వెండి ధర రోజూ మారుతుంది గనుక, లెక్క సులువుగా అర్థమయ్యేందుకు గ్రాము 200 రూపాయలని అనుకుందాం. అప్పుడు నిసాబ్ 1,22,472 రూపాయలు. మీరు లెక్క వేసే రోజున బజారు ధర అడిగి 612.36తో గుణించుకోండి.

ఆమె దాచిన నగదు 80,000. నగల విలువ 90,000. మొత్తం 1,70,000. ఆసుపత్రి ఖర్చుకు తమ్ముడి దగ్గర తీసుకున్న అప్పు 35,000, ఇంటి అద్దె బకాయి 8,000. ఈ 43,000 తీసేస్తే మిగిలేది 1,27,000 రూపాయలు. అంటే నిసాబ్‌కు కొంచెం పైన. ఈ స్థితిలో ఆమె జకాత్ తీసుకోకూడదు. పైగా నిసాబ్‌కు యజమానురాలై సంవత్సరం గడిచాక కూడా సొత్తు ఇంతే ఉంటే నూటికి రెండున్నర చొప్పున 3,175 రూపాయలు తానే జకాత్ ఇవ్వాలి.

“అది పెళ్ళి కోసం దాచింది కదా!” అని ఆమె తమ్ముడు అన్నాడు. నిజమే. కాని రేపటి ఖర్చు కోసం దాచింది ఈ రోజు ఆమె సొత్తే. చేయబోయే ఖర్చు అప్పు కాదు.

ఆ సోదరి కొంతసేపు మౌనంగా ఉండి, “మరి ఇన్నాళ్ళూ తీసుకున్నది?” అని అడిగింది. గత సంవత్సరాల లెక్క కూడా చూశాం. అప్పట్లో ఆమె దగ్గర నిసాబ్‌కు సగం కూడా లేదు. అందుచేత ఆ జకాత్ ఆమెకు హలాలే. తెలిసి తెలిసి నిసాబ్ ఉండగా తీసుకున్నవారు మాత్రం అల్లాహ్ సన్నిధిలో తౌబా చేసి ఆ సొమ్మును ఇచ్చినవారికి తిరిగి ఇవ్వాలి, లేదా పేదలకు సదఖా చేయాలి.

ఆమెకు దారులన్నీ మూసుకుపోయాయా? లేదు. నఫిల్ సదఖా, బహుమానం, కర్జె హసనా (వడ్డీలేని అప్పు) ఆమె తీసుకోవచ్చు. అప్పు తీర్చడం వల్ల లెక్క మారదు, ఎందుకంటే దాన్ని ముందే తీసేశాం. కాని చిన్నపిల్ల కాలేజీ ఫీజుకో, పెద్దపిల్లకు అవసరమైన సామానుకో పదివేలు ఖర్చయితే మిగిలేది 1,17,000. అది నిసాబ్‌కు తక్కువ. అప్పటి నుంచి ఆమె మళ్ళీ జకాత్‌కు అర్హురాలే.

పెళ్ళి కోసం నలుగురి దగ్గర జకాత్ పోగుచేసేవారు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. వచ్చిన సొమ్ము ఖర్చు కాకుండా నిసాబ్‌కు చేరితే, ఆ తరువాత వచ్చే జకాత్ తీసుకోవడం ధర్మసమ్మతం కాదు. అప్పులేమీ లేని ఒకే వ్యక్తికి ఒకేసారి నిసాబంత ఇవ్వడం మక్రూహ్ అని ఫుఖహా చెప్పింది కూడా ఇచ్చేవారు గుర్తుంచుకోవాలి. అప్పుల్లో ఉన్నవారికి, పెద్ద కుటుంబం గలవారికి ఇందులో మినహాయింపు ఉంది.

హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు కుటుంబాల మాదిరిగా షాఫయీ మస్లక్ అనుసరించేవారి దగ్గర కొలమానం నిసాబ్ కాదు. ఆస్తి, సంపాదన కలిపి అవసరాలకు చాలుతుందా లేదా అన్నదే చూస్తారు. వారు తమ ఆలిములనే అడగాలి.

తెల్ల కార్డు జకాత్‌కు సర్టిఫికెట్టా?

ప్రభుత్వ లెక్క వేరు, షరీఅతు లెక్క వేరు. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించకూడదన్న నియమం పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో బియ్యం కార్డుకు నెలకు పల్లెల్లో పదివేలు, పట్టణాల్లో పన్నెండువేల పరిమితి నిర్ణయించారు. వీటితో పాటు భూమి ఎంత ఉందో కూడా చూస్తారు. ఈ నియమాలు ప్రధానంగా రాబడిని చూస్తాయి. మెడలోని నగను, దాచుకున్న నగదును తూచవు. షరీఅతు తూచేది సరిగ్గా వాటినే.

మరో తేడా ఉంది. ప్రభుత్వం కుటుంబాన్నంతా ఒకటిగా లెక్కిస్తుంది. షరీఅతులో ఎవరి సొత్తు వారిదే. భార్యకు పది తులాల బంగారం ఉన్నా, భర్త చేతిలో ఏమీ లేకపోతే అతను జకాత్‌కు అర్హుడు కావచ్చు. చిన్నపిల్లలు మాత్రం తండ్రి కలిగినవాడైతే కలిగినవారి కిందే లెక్క.

కాబట్టి కార్డు ఉన్నవారందరికీ జకాత్ హలాల్ కాదు, కార్డు లేనివారందరికీ హరామ్ కాదు. అలాగే జకాత్‌కు అర్హుడైనంత మాత్రాన ప్రభుత్వ పథకానికి అర్హుడు కాడు. దరఖాస్తులో ఆదాయం తగ్గించి రాయడం, భూమిని మాటవరసకు బావమరిది పేర పెట్టడం అబద్ధం కిందికి, మోసం కిందికి వస్తాయి. ‘సర్కారు సొమ్మే కదా’ అనుకోవద్దు. అది మరో పేదవాడి వంతు. జకాత్ విషయంలోనూ ఇంతే. నగలను నిజంగా కూతురికి ఇచ్చి ఆమె చేతికి అప్పగిస్తే అవి ఆమెవి, వాటి జకాత్ బాధ్యత కూడా ఆమెదే. రమజాను ముందు పేరుకు ఇచ్చి పండుగ తరువాత వెనక్కి తీసుకునే ఎత్తుగడ అల్లాహ్ దగ్గర చెల్లదు.

తూకం మన చేతిలోనే ఉంది

వీడ్కోలు హజ్ సందర్భంలో దైవప్రవక్త (స) జకాత్ సొమ్ము పంచుతుండగా ఇద్దరు వచ్చి అడిగారు. ఆయన వారిని పైనుంచి కిందికి పరికించి చూశారు. దృఢకాయులుగా కనిపించారు. ఇందులో కలిగినవాడికి గాని, సంపాదించగల బలవంతుడికి గాని వాటా లేదని తెలియజేసి, మీరు కోరితే ఇస్తానన్నారు. ఈ సంఘటన అబూదావూద్, నసాయీలలో ఉంది. ఆయన వారి మూటలు విప్పి చూడలేదు. నియమం చెప్పి నిర్ణయం వారి ఈమాన్‌కు వదిలేశారు. ఇచ్చేవారు కూడా అలాగే తగుమాత్రం విచారించి ఇవ్వాలి. ఆపైన తీసుకున్నవాడు కలిగినవాడని తేలినా ఇచ్చినవారి జకాత్ నెరవేరినట్టే. పాస్‌బుక్కు చూపించమని పేదవాణ్ణి నిలదీయనక్కర్లేదు.

ఆ సోదరి వెళ్ళేముందు తమ్ముడితో, “ఈ ఏడు నాకు తెచ్చేది వెనక వీధిలోని ముసలమ్మకు ఇవ్వమని చెప్పు” అంది. అడగడానికి అభిమానపడి, చూసేవారికి కలిగినవారిలా కనిపించే పేదలను సూరయె బఖరా 273వ ఆయతు ప్రశంసించింది. తన వంతు తీరిపోయిందని తెలిసిన రోజున పక్కకు తప్పుకొని, మరొకరికి చోటిచ్చే ఇలాంటి పేదరాళ్ళు మన మొహల్లాల్లో ఉన్నారు. వారి గౌరవాన్ని కాపాడటం కలిగినవారి బాధ్యత.

సోదర సోదరీమణులారా! ఈ రమజానుకు ముందే ఒక కాగితం తీసుకోండి. ఒకవైపు సొత్తు, మరోవైపు అప్పులు రాయండి. మిగిలినదాన్ని నిసాబ్‌తో పోల్చండి. సందేహముంటే దగ్గరలోని ఆలిమ్‌ను సంప్రదించండి. ఇవ్వవలసినవారెవరో, తీసుకోదగినవారెవరో ఆ కాగితమే చెబుతుంది.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, ఉన్నదానితో తృప్తిని, ఇచ్చే చేతిని ప్రసాదించుగాక! ఆమీన్.