ముందు బాలింతను పలకరించండి

పల్లెల్లో ఏఎన్ఎంగా 33 ఏళ్లు తిరిగాను. గర్భిణుల బరువు తూచాను, బీపీ చూశాను, ఐరన్ మాత్రలు ఇచ్చాను. మనసు ఎలా ఉందని అడగడం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యం ఇంకెవరికీ జరగకూడదని ఇవి చెబుతున్నాను.

1. ప్రతి ఏడుపూ జబ్బు కాదు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు చాలామందికి ఊరికే కన్నీళ్లొస్తాయి. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. ఇరవై ఒకటో రోజు స్నానం నాటికీ మనిషి తేరుకోకపోతే డిప్రెషన్ అని అనుమానించాలి. కాన్పయిన ఏడాదిలోపు ఎప్పుడైనా అది రావచ్చు.

2. ఏడవని బాలింతనూ గమనించాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటికి వెళ్లాను. బిడ్డ బరువు బాగుంది, కార్డు నింపి వచ్చేశాను. తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బడలిక అనుకున్నాను. నెల తిరక్కుండానే ఆమె ప్రాణం తీసుకోబోతే ఇంట్లోవాళ్లు ఆపారు. బిడ్డ నిద్రపోయినా ఆమె కన్ను మూతపడేది కాదట. ఆ రోజు నేను అడగలేదు.

3. దిగులు కడుపుతో ఉన్నప్పుడే మొదలవ్వచ్చు. మనం వేవిళ్లనీ, నీరసమనీ తోసేస్తాం. ముందు గర్భం పోయినవాళ్లు, ఇదివరకు డిప్రెషన్ వచ్చినవాళ్లు, భర్త చేతిలో దెబ్బలు తినేవాళ్లు, మగపిల్లాడే కావాలన్న మాటలు పడేవాళ్లు ఉంటే మరింత కనిపెట్టుకుని ఉండాలి. మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి చూసి, బాలింతల్లో నూటికి 22 మందికి డిప్రెషన్ ఉందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. ఇది ఎవరో ఒకరిద్దరి గోడు కాదు.

4. ‘గాలి సోకింది’ అనే పెద్దవాళ్లతో వాదించకండి. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. వాటివల్లా మనిషి ఇలాగే డీలా పడిపోతుంది.

5. అడిగే పద్ధతిలో అడిగితేనే చెబుతారు. అత్తగారి ఎదుట ‘ఎలా ఉన్నావమ్మా?’ అంటే ‘బాగున్నానండీ’ అనే అంటుంది. నేను బిడ్డను నానమ్మ చేతికిచ్చి వసారాలోకి పంపి, పక్కన కూర్చుని అడిగేదాన్ని: ‘బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా తల్లీ?’ బాలింతల్లో డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలే ఉంటాయి. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్నది బయటికొస్తుంది.

6. మందు వేసుకుంటే పాలు మాన్పించాలన్న భయం వద్దు. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులున్నాయి. పాలిస్తున్నట్టు డాక్టరుకు చెప్పాలి, కాస్త నయమవగానే సొంతంగా ఆపేయకూడదు. చికిత్సకు చేరాల్సి వచ్చినా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు.

7. కొన్నిటికి తెల్లారేదాకా ఆగకూడదు. అసలు నిద్రే లేకపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, బిడ్డ తనది కాదనడం. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి ఇలా వస్తుంది. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

8. పథ్యం పెట్టడంతో మన పని తీరదు. రాత్రిపూట బిడ్డను ఇంకొకరు ఎత్తుకుంటే తల్లికి నాలుగు గంటలైనా ఏకధాటిగా నిద్ర దొరుకుతుంది. ఆ ఇంకొకరు బిడ్డ తండ్రి అయితే మరీ మంచిది.

మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఈసారి పురిటింటికి వెళ్లినప్పుడు ఉయ్యాల దగ్గరికి వెళ్లేముందు మంచం దగ్గర కూర్చోండి. బాలింత చేయి పట్టుకుని, నిద్ర పడుతోందా అని అడగండి. జవాబు చెప్పేదాకా లేవకండి.