బడిపిల్లల ఆరోగ్యరక్షణ: నర్సమ్మ కష్టము, పంచాయతీ బాధ్యత

గ్రామమున బడి విద్యాశాఖదనియు, ఉపకేంద్రము ఆరోగ్యశాఖదనియు, మంచినీటి చెరువు పంచాయతీదనియు మనము వేరువేరుగా తలచుటకు అలవాటుపడితిమి. అంటువ్యాధి వచ్చిననాడు ఈ విభజన నిలువదు. బడిలో పిల్లలు చేతులు కడుగుకొనుటకు నీరు కావలెను. జ్వరము వచ్చిన పిల్లను గుర్తించుటకు మనిషి కావలెను. ఆ మనిషి మాట ఊరిలో చెల్లవలెను. 2020 మొదలు 2022 వరకు కోవిడ్ వ్యాధి మన బడులను పీడించిన కాలమున ఈ పనులన్నియు చూడవలసిన భారము ఊరివారు నర్సమ్మ అని పిలుచు ఆరోగ్య సహాయకురాలిపై పడినది. ఆమెకు కలిగిన విసుగునకు కారణములు విచారించినచో పంచాయతీ సభ్యులు చేయవలసిన పని తేటపడును. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల పరిసరములను దృష్టియందుంచుకొని ఈ పాఠమున ఆ విషయమును పరిశీలింతము.

బడికి నర్సు ఎందుకు?

పాఠశాలకు నర్సును నియమించుట క్రొత్త ఆలోచన కాదు. 1902లో న్యూయార్కు నగరమున కంటిజబ్బులు, చర్మవ్యాధులు, తలలో పేలు గల పిల్లలను వైద్యులు బడినుండి ఇండ్లకు పంపివేయుచుండిరి. ఇంటివద్ద చికిత్స చేయువారు లేక ఆ పిల్లలు వారములకొలది చదువునకు దూరమగుచుండిరి. పైగా సాయంకాలము బడి విడిచిన తోటిపిల్లలతోనే వీథిలో ఆడుకొనుచుండిరి. జబ్బు వ్యాపించుచునే యుండెను. ఆ యేడు అక్టోబరులో లీనా రోజర్సు అను నర్సును నాలుగు బడులకు నియమించిరి. ఆమె చిన్న జబ్బులకు బడిలోనే మందు వేసి, పిమ్మట పిల్లల ఇండ్లకు పోయి తల్లులకు జాగ్రత్తలు నేర్పెను. ఫలితము బాగుండుటచే మరికొందరు నర్సులను చేర్చుకొనిరి. ఒక్క సంవత్సరము తిరుగునప్పటికి జబ్బు కారణముగా బడినుండి పంపివేయబడు పిల్లల సంఖ్య సుమారు పదింట తొమ్మిది పాళ్ళు తగ్గినది. పిల్లను ఇంటికి పంపుటతో పని ముగియదనియు, బడికిని ఇంటికిని నడుమ తిరుగు మనిషి ఉండవలెననియు ఆనాడే ఋజువైనది.

మన ప్రాంతమున పెదవేగిలోని జవహర్ నవోదయ విద్యాలయము వంటి వసతి పాఠశాలలకు నర్సు ఉద్యోగము మంజూరై యుండును. సాధారణ గ్రామ పాఠశాలకు అట్టి ఏర్పాటు లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము బడికి ఏడాదికి ఒకమారు వచ్చి పిల్లలను పరీక్షించుట నియమము. తక్కిన దినములలో బడికి దిక్కు ఉపకేంద్రపు ఏ.ఎన్.ఎం.; 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడిన పిమ్మట సచివాలయపు ఏ.ఎన్.ఎం. కూడ తోడైనది. సమతల ప్రాంతములందు ఉపకేంద్రము ఒక్కటికి 5,000 జనాభా అని లెక్క. గర్భిణుల పరీక్ష, బాలింతల పరామర్శ, శిశువుల టీకాలు, జ్వరముల వివరములు, ఇవన్నియు ఆమె నిత్యకృత్యములు. బడి ఆమెకు అదనపు పని.

2020 నవంబరు నాటి పరీక్ష

రాష్ట్రమున బడులు 2020 మార్చి 19న మూతపడినవి. ఏడు మాసములు దాటిన పిమ్మట, నవంబరు 2న, 9, 10 తరగతులకు తెరచిరి. గదిలో పదునారుగురికి మించి కూర్చుండబెట్టరాదనియు, తరగతులు దినము విడిచి దినము జరుపవలెననియు, మధ్యాహ్న భోజనము కాగానే పిల్లలను ఇండ్లకు పంపవలెననియు ఏర్పాటు చేసిరి. తెరచిన మూడు దినములలో రాష్ట్రమంతటను 262 మంది విద్యార్థులకును, సుమారు 160 మంది ఉపాధ్యాయులకును వ్యాధి యున్నట్లు తేలినదని విద్యాశాఖ ప్రకటించినది. ఆ దినములలో బడికి వచ్చిన విద్యార్థులు సుమారు నాలుగు లక్షలు. వచ్చినవారితో పోల్చిన వేయింటికి ఒకరైన లేరు. అయినను ఒక ఊరిలో ఒక్క ఉపాధ్యాయునకు జ్వరమనిన వార్త నూరు ఇండ్లకు ప్రాకును. ఆ నూరు ఇండ్లకు సమాధానము చెప్పవలసినది నర్సమ్మయే.

నాటికి పిల్లలకు టీకా లేదు. 15 మొదలు 18 ఏండ్లవారికి 2022 జనవరి 3నను, 12 మొదలు 14 ఏండ్లవారికి అదే సంవత్సరము మార్చి 16నను టీకాలు ఆరంభమైనవి. మరియొక విషయము మనము మరువరాదు. మన రాష్ట్రమున పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరినది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. కనుక మొదటి ఉప్పెన కాలమున గ్రామములు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను. ఇండ్లవారికి నచ్చజెప్పుటకు ఎన్నికైన వార్డు సభ్యుడు నర్సమ్మ ప్రక్కన లేకపోయెను.

విసుగునకు కారణములు

మొదటి కారణము, చేతులు రెండు, పనులు పది. ఇంటింటి జ్వరపరిశీలన, ఇంటివద్దనే చికిత్స పొందు రోగుల పరామర్శ, నమూనాల సేకరణకు సాయము, 2021 జనవరి 16 పిమ్మట టీకాల పని, ఇవన్నియు ఒకేమారు వచ్చినవి. బడి గంట మ్రోగు వేళకే టీకాల శిబిరము మొదలగును. ఒక్క మనిషి రెండుచోట్ల నుండజాలదు.

రెండవది, ఆమె చేతికిచ్చిన సాధనము చాలినది కాదు. వాకిట నిలిచి నుదుటి వేడిమి చూచుట అందరికి కనబడు పని. దానివలన ధైర్యము కలుగును. కాని కోవిడ్ సోకినవారికి లక్షణములు 2 మొదలు 14 దినములలో బయటపడును; పెక్కుమంది పిల్లలకు జ్వరమే రాదు. వాకిట పరీక్ష జరిగినదిగదా యని లోపల కిటికీలు మూసి పాఠము చెప్పినచో లాభమేమి? ఈ వ్యాధి ముఖ్యముగా గాలి ద్వారా వ్యాపించునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. వీథులలో మందు చల్లుట వలన ప్రయోజనము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే మాసముననే తెలిపినది. అయినను పెక్కు గ్రామములలో వీథులపై ద్రావణము చల్లుటకు చూపిన శ్రద్ధ బడి కిటికీ తలుపులు బాగుచేయించుటకు చూపలేదు.

మూడవది, బడి గడప దాటిన పిమ్మట ఆమె అధికారము సాగదు. తాడేపల్లిగూడెము వంటి పట్టణములకు చుట్టుప్రక్కల పల్లెలనుండి పిల్లలు ఆటోలలోను, బడి బస్సులలోను పోవుదురు. తరగతిలో ఆరడుగుల ఎడము పాటించిన పిల్లలే సాయంకాలము ఒక ఆటోలో ఒకరిపై నొకరు కూర్చుండి ఇల్లు చేరుదురు. దానిని ఆపుటకు నర్సుకు అధికారము లేదు.

నాలుగవది, నీరు. కొల్లేటి లంకలలో చుట్టును నీరే. త్రాగుటకు మాత్రము నీరు కొనుక్కొనవలసిన ఊళ్లు కలవు. కాలువల మురుగు, చేపల చెరువుల వదులునీరు సరస్సులో కలియుచున్నవి. వానలకు బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినపుడు దారులు మునుగును. అట్టిచోట సబ్బుతో ఇరువది సెకండ్లు చేతులు కడుగవలెనని గోడపై వ్రాయుట సులభము. నీటిని చూపుట కష్టము. నాడు కొల్లేటి గ్రామములు రెండు జిల్లాలలో చీలియుండెను. కైకలూరు, మండవల్లి కృష్ణా జిల్లావి. ఏలూరు పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణము. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడిన పిమ్మట ఈ రెండు మండలములును అందు చేరినవి.

ఐదవది, దాపరికము. జ్వరమని చెప్పిన ఇంటిముందు కంచె కట్టుదురేమో, కూలికి పిలువరేమో యను భయము. పిల్లను ఇంట నుంచుటకు తల్లి పని మానవలెను. బడికి పోయిన మధ్యాహ్నము అన్నమైన దొరకును. ఇట్టి తల్లి జ్వరపు మాత్ర వేసి పిల్లను బడికి పంపినచో ఆమెను నిందించి లాభము లేదు. ఆ పిల్లను వాకిటినుండి మరలించిన నర్సమ్మ మాత్రము ఊరివారి కోపమునకు పాత్రురాలగును.

ఏలూరు నేర్పిన పాఠము

బడులు తెరచిన నెలకే ఏలూరు పట్టణమున వేరొక విపత్తు వచ్చినది. 2020 డిసెంబరు 5 మొదలు పిల్లలు, పెద్దలు కండ్లు తిరిగి, మూర్ఛ వచ్చి పడిపోసాగిరి. కొలది దినములలో 600 మందికి పైగా జబ్బుపడిరి; ఒకరు మరణించిరి. కోవిడ్ పరీక్షలలో వారికి వ్యాధి లేదని తేలినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారి పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. పిమ్మట నిపుణులు పురుగుమందుల అవశేషములపై అనుమానము తెలిపిరి. మరుసటి జనవరిలో భీమడోలు మండలమందలి పూళ్లలోను, దెందులూరు మండలమందలి కొమిరేపల్లిలోను ఇట్టి లక్షణములే కనబడినవి.

ఒక పెద్ద వ్యాధి యున్న కాలమున మరియొక జబ్బు రాదని నియమము లేదు. కనుక బడిలో పిల్ల పడిపోయిన వెంటనే కోవిడ్ అని భయపడి దూరముగా నిలువరాదు. కోవిడ్ కాదని తేలినంతనే ఇంటికి పంపి ఊరకుండను రాదు. ఎవరు, ఏ వీథివారు, ఏ నీరు త్రాగిరి, ఏమి తినిరి, ఏ గంటకు పడిరి అను వివరములు వ్రాసియుంచు మనిషి అక్కడ నుండవలెను. ఆ వ్రాతయే పెద్ద వైద్యులకు దారి చూపును.

పంచాయతీ చేయగల పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో మంచినీరు, పాఠశాల విద్య, ఆరోగ్య పారిశుధ్యములు చేరియున్నవి. అంటువ్యాధుల నివారణ చర్యలు గ్రామపంచాయతీ విధులలోనివని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. కనుక ఈ క్రింది పనులకు మనము ఎవరి అనుమతి కొరకును వేచియుండ నక్కరలేదు.

1. నీటి లెక్క: 120 మంది పిల్లలున్న బడి ననుకొందము. ఒక్కొక్కరికి 40 సెకండ్లు పట్టినచో, ఒక్క కుళాయి వద్ద అందరు చేతులు కడుగుటకు 80 నిమిషములు కావలెను. అంతసేపు అన్నము ముందు ఎవ్వరును ఆగరు. కుళాయిలు ఆరు పెట్టినచో 14 నిమిషములలో పని ముగియును. మనిషికి లీటరు చొప్పున దినమునకు మూడుమారులకు 360 లీటర్ల నీరు చాలును. బడి కుళాయిలెన్ని, తొట్టి యెంతపట్టునదియో సభ్యులు స్వయముగా పోయి చూడవలెను.

2. గాలి: ప్రతి గదికి తెరుచుకొను కిటికీలు ఎదురెదురుగా నున్నవేమో చూడవలెను. దోమల బాధచే కిటికీలు మూయుచున్నచో జాలి బిగింపవలెను. వసారా, చెట్టునీడ కూడ తరగతి గదులే.

3. ఒక మంచము, ఒక తెర: జబ్బుపడిన పిల్ల తల్లి వచ్చువరకు పడుకొనుటకు బడిలో గాలి వచ్చు మూల నొకదానిని కేటాయింపవలెను. మంచము, నీళ్లకుండ, థర్మామీటరు, చికిత్సల పుస్తకము అక్కడ నుండవలెను.

4. గైరుహాజరు పట్టిక: బడికి రాని పిల్లల పేరు, పేట, కారణము ప్రధానోపాధ్యాయుడు వ్రాసి వారమున కొకమారు నర్సమ్మకు అందించు ఏర్పాటు కావలెను. చేపల చెరువు గట్లపై కాపురముండి పనులనుబట్టి తావులు మార్చు కుటుంబముల పిల్లలను ఇందు విడువరాదు. ఒక పేటలో జ్వరములు పెరిగినచో వ్యాధి బడిని ముట్టకముందే తెలియును. ఈ పట్టికను నోటీసుబోర్డుపై అంటింపరాదు. పేర్లు బయటపడినచో మరుసటి వారము ఎవ్వరును నిజము చెప్పరు.

5. నర్సమ్మ మాటకు బలము: జ్వరము తగ్గి, మందు లేకుండ ఒక పూర్తిదినము గడచినగాని పిల్ల బడికి రారాదని పంచాయతీయు, పాఠశాల యాజమాన్య సంఘమును కలిసి ముందుగానే తీర్మానింపవలెను. ఆ నియమమునుండి సర్పంచి మనుమనికైనను మినహాయింపు ఉండరాదు. కోపము వచ్చినవారు తీర్మానముపై కోపపడుదురు. ఆమె ఒంటరిగా నింద మోయనక్కరలేదు.

6. ఇంట నిలిచిన పిల్లకు అన్నము: బడులు మూసిన కాలమున బియ్యము, గ్రుడ్లు, చిక్కీలు ఇండ్లకు అందించిరి. జబ్బుచే ఇంట నిలిచిన పిల్లకు కూడ ఆమె వంతు చేరునట్లు చూచిన దాపరికము తగ్గును.

ఈ పనులలో పెద్ద వ్యయము గలది నీటితొట్టి యొక్కటే. తక్కినవాటికి శ్రద్ధ చాలును. వీనిలో నేదియు ఒక్క కోవిడ్ కొరకైనది కాదు. విరేచనములు, కామెర్లు, గజ్జి, కండ్లకలక, డెంగీ, ఇవన్నియు ఏటేట మన బడులకు వచ్చునవే.

వచ్చు పంచాయతీ సమావేశమునకు నర్సమ్మను, ఆశా కార్యకర్తను, ప్రధానోపాధ్యాయుని ఆహ్వానింపుడు. కార్యక్రమమున మొదటి అంశముగా వారి మాట వినుడు. "మీ పనికి ఊరిలో అడ్డు ఏది?" అని అడుగుడు. వారు చెప్పిన అడ్డులను తీర్మానముల పుస్తకమున వరుసగా వ్రాసి, ఒక్కొక్క దానికెదురుగా ఒక సభ్యుని పేరును, పని ముగియవలసిన తేదీని వ్రాయుడు. మరుసటి సమావేశమున ఆ పుటయే మొదట చదువుడు. తదుపరి అంటువ్యాధి ఏనాడు వచ్చునో ఎవరును చెప్పజాలరు. ఆనాడు నర్సమ్మ బడి వాకిట ఒంటరిగా నిలువకుండ చూచుట మాత్రము మన చేతిలోనున్న పని.