ఓడిన జట్టుకూ చప్పట్లు



దొరవారిసత్రానికి చెన్నై దగ్గర, హైదరాబాద్ దూరం. అందుకే ఐ.పి.ఎల్. క్రికెట్ వచ్చిందంటే ఒకే ఇంట్లో అన్నది చెన్నై వారి పసుపు జట్టు, తమ్ముడిది హైదరాబాద్ వారి నారింజ జట్టు కావచ్చు. సరదాగా మొదలైన వాదన అలకలకూ, దూషణలకూ దారి తీస్తుంది. అసలు అభిమానమంటే ఏమిటి? హైదరాబాద్ జట్టు చరిత్రలో దీనికి మంచి పాఠమున్నది.

2008లో ఐ.పి.ఎల్. ప్రారంభమైనప్పుడు ఆ జట్టు పేరు డెక్కన్ ఛార్జర్స్. ఆ ఏడు 14 ఆటలాడి రెండే గెలిచింది. ఎనిమిది జట్లలో చివరి స్థానం. మరుసటి ఏడు పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగాయి. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు 2009 మే 24న ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు అందుకుంది. మొదటి ఏడాదే విసిగి వదిలేసినవారికి ఆ సంతోషం దక్కలేదు.

తరువాత యాజమాన్యం ఆర్థిక చిక్కుల్లో పడింది. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. దాని స్థానంలో 2013లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆడింది. చిత్రమేమంటే, దీని యజమాని చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ! పేరు మారింది, యజమాని మారాడు. అయినా ఉప్పల్ స్టేడియం నారింజ రంగుతో నిండింది. అభిమానులు తమను ‘ఆరెంజ్ ఆర్మీ’ అని పిలుచుకున్నారు.

2016లో కెప్టెన్ డేవిడ్ వార్నర్ 848 పరుగులు చేసి జట్టుకు కప్పు తెచ్చాడు. 2021లో అతనిని కెప్టెన్సీ నుండి తొలగించారు. జట్టులో చోటు కూడా పోయింది. అదే ఏడు అతడు ప్రేక్షకుల మధ్య నిలబడి ఆ జట్టు జెండానే ఊపాడు. అవమానం కలిగినా తనవారి గెలుపు కోరడం ఎంత గొప్ప గుణం!

2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయిపై 277 పరుగులు చేసిన జట్టు, రెండు నెలలకు చెన్నైలో జరిగిన ఫైనల్లో 113కే ఆలౌటై కలకత్తా చేతిలో ఓడింది. నిన్న పొగిడిన నోటితోనే నేడు ఆటగాడిని, అతని భార్యాబిడ్డలను తిట్టడం అభిమానమవుతుందా?

తల్లిదండ్రులారా, ఈ వారం పిల్లలతో చర్చించండి:

1. మన జట్టు ఓడిన రాత్రి మన ఇంట్లో ఎలాంటి మాటలు వినిపిస్తాయి?

2. ఎదుటి జట్టు బాగా ఆడినప్పుడు మనం చప్పట్లు కొట్టగలమా?

3. అన్నదమ్ముల జట్లు వేరైనా ఒకే చాప మీద కూర్చుని ఆట చివరిదాకా చూడగలరా?