వేసవి సెలవుల్లో పోచంపాడు పాఠం



సెలవులిస్తే మెండోర చుట్టుపక్కల పిల్లలు పోచంపాడు బాట పడతారు. ఈసారి నలుగురు కలిసి నోటుపుస్తకంతో వెళ్లండి.

1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌కు 42 గేట్లు. నిండు నీటిమట్టం 1091 అడుగులు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. మొదట 112 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 80 టీఎంసీలే పడుతోంది. మిగతా జాగా ఏమైంది? గోదావరి వరదలో కొట్టుకొచ్చిన ఒండ్రుమట్టి అడుగున పేరుకుంది. పోయింది ఎంతో తెలుసా? నిజాంసాగర్ పట్టే నీటికి ఒకటిన్నర రెట్లకు పైనే! అంత నీరు మన పొలాలకు తగ్గినట్లే.

రోజూ నీటిమట్టం తెలుసుకుని రాయండి. ముంపులో పోయిన ఊళ్ల పేర్లు తాతలను, నానమ్మలను అడగండి. వాళ్లు ఊళ్లు వదిలితేనే మనకు కాలువ నీరొచ్చింది.

ఒక్క జాగ్రత్త. ఎండాకాలం నీళ్లు తక్కువగా కనిపించినా అడుగున బురద, గుంతలుంటాయి. ఈత కోసం దిగవద్దు.

జూన్‌లో హాస్టల్ తెరవగానే మీరు రాసినవన్నీ గోడపత్రికగా పెడదాం.