పౌరుష గ్రంథి పెరుగుదల: కషాయం ఎంతవరకు? శస్త్రచికిత్స ఎప్పుడు?

ఏబది ఏళ్లు దాటిన పురుషులను బాధించే మూత్ర సంబంధ వ్యాధులలో ప్రధానమైనది పౌరుష గ్రంథి పెరుగుదల. దీనినే ప్రొస్టేట్ వ్యాధి అని వ్యవహరిస్తున్నాము. 51 నుండి 60 ఏళ్ల వయసు గలవారిలో దాదాపు సగం మందికి ఈ గ్రంథి కణజాలంలో పెరుగుదల ఉంటుంది. 80 ఏళ్లు దాటినవారిలో ఇది పదిమందిలో ఎనిమిదిమందికి పైగా కనిపిస్తుంది. అయితే పెరుగుదల ఉన్న వారందరికీ బాధలు ఉండవు. బాధలు ఉన్న వారందరికీ శస్త్రచికిత్స అవసరపడదు.

ఈ వ్యాధితో నా వద్దకు వచ్చేవారిలో చాలామంది ఆపరేషన్ మాట వినగానే భయపడి, ఎలాగైనా కషాయాలతోనే గట్టెక్కించమని కోరుతుంటారు. కషాయాలకు గల శక్తిని, వాటి హద్దును కూడా వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

గ్రంథి స్వరూపం

పౌరుష గ్రంథి మూత్రాశయానికి దిగువన, మూత్రమార్గాన్ని చుట్టి ఉంటుంది. యౌవనంలో ఇది ఉసిరికాయంత పరిమాణంలో, సుమారు 20 గ్రాముల బరువుతో ఉంటుంది. వీర్యంలోని ద్రవభాగాన్ని కొంతవరకు తయారుచేయడం దీని పని. వయసుతోపాటు, పురుష హార్మోన్ల ప్రభావం చేత, దీని లోపలి భాగం పెరిగి మూత్రమార్గాన్ని నొక్కుతుంది.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో మూత్రాఘాతములు 12 రకాలుగా వర్ణింపబడ్డాయి. వాటిలో వాతాష్ఠీల ఒకటి. మలమార్గానికి, మూత్రాశయానికి నడుమ వాయువు చేరి, రాయివలె గట్టిగా ఉబికిన గ్రంథిని కలిగించి, మలమూత్రాలను అడ్డగిస్తుందని అందులో చెప్పబడింది. నేటి పౌరుష గ్రంథి పెరుగుదలను వైద్యులు దీనితోనే పోల్చుతారు.

లక్షణాలు

మూత్రధార సన్నగిల్లడం, ఆరంభం కావడానికి ముక్కవలసి రావడం, మధ్యమధ్య ఆగి రావడం, చివర చుక్కలు చుక్కలుగా పడటం, విసర్జించిన తరువాత కూడా మిగిలి ఉన్నట్లు అనిపించడం, రాత్రి పలుమార్లు లేవవలసి రావడం ముఖ్య లక్షణాలు. తీవ్రతను కొలవడానికి వైద్యులు ఏడు ప్రశ్నలు వేసి, 35కు మార్కులు లెక్కిస్తారు. 7 వరకు స్వల్పం, 8 నుండి 19 వరకు మధ్యమం, 20 ఆ పైన తీవ్రం.

మధుమేహంలో కూడా మాటిమాటికీ మూత్రం వస్తుంది. కనుక రక్తంలో చక్కెర, మూత్ర పరీక్ష, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ స్కానింగు చేయించాలి. విసర్జన తరువాత మూత్రాశయంలో ఎంత మూత్రం మిగులుతున్నదో స్కానింగులో తెలుస్తుంది. గ్రంథి పరిమాణం కంటె ఈ సంగతి ముఖ్యమైనది. ఈ సాధారణ పెరుగుదల క్యాన్సరుగా మారదు. కాని రెండూ ఒకే వ్యక్తిలో ఉండవచ్చును. అందుచేత ఆసనద్వారం గుండా చేసే వేలి పరీక్షకు సంకోచించరాదు. పి.ఎస్.ఎ. రక్తపరీక్ష విషయం వైద్యునితో చర్చించి నిర్ణయించుకోవాలి.

ఆహార విహారాలు, గృహ చికిత్స

బాధలు స్వల్పంగా ఉన్నప్పుడు ఈ క్రింది నియమాలు మేలు చేస్తాయి.

మూత్రవేగాన్ని ఆపుకొనరాదు. పగలు తగినంత నీరు త్రాగి, రాత్రి పడుకొనడానికి రెండు మూడు గంటల ముందునుండి తగ్గించాలి. సాయంకాలం కాఫీ, టీలు మానాలి. మద్యం విసర్జించాలి. ఒకసారి విసర్జించిన తరువాత కొద్ది నిమిషాలు ఆగి మరల ప్రయత్నించాలి. మలబద్ధకం ఈ బాధను పెంచుతుంది కనుక రాత్రివేళ అర చెంచా నుండి ఒక చెంచా త్రిఫల చూర్ణాన్ని వేడినీటితో తీసుకొనవచ్చును. గోరువెచ్చని నీటి తొట్టెలో నడుము వరకు మునిగేట్లు పది నిమిషాలు కూర్చొంటే కండరాల బిగువు సడలుతుంది.

పల్లేరు కాయలను నలగగొట్టి, రెండు చెంచాలు రెండు గ్లాసుల నీటిలో వేసి, అర గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి ఉదయం త్రాగడం మన ఇళ్లలో వాడుకలో ఉన్నదే. ఉలిమిరి పట్ట, పునర్నవ వేరు, చంద్రప్రభావటి, గోక్షురాది గుగ్గులు వంటివి రోగి ప్రకృతిని, మూత్రపిండాల స్థితిని చూచి వైద్యుడు నిర్ణయించవలసినవి. వీటివలన స్వల్ప లక్షణాలలో ఉపశమనం లభించవచ్చును. బాగా పెరిగి మార్గాన్ని మూసివేసిన గ్రంథిని ఇవి కరిగించివేస్తాయని నేను చెప్పను.

జలుబు మాత్రలు, టానిక్కులు కొన్ని మూత్రాన్ని బంధిస్తాయి. ఈ వ్యాధి గలవారు వాటిని సొంతంగా కొని వాడరాదు.

ఇంగ్లీషు మందులలో టామ్సులోసిన్ వంటివి మూత్రాశయ కంఠాన్ని సడలించి కొద్ది రోజులలోనే ధారను మెరుగుపరుస్తాయి. వీటివలన కొందరికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. కంటి శుక్లం ఆపరేషన్‌కు వెళ్లేవారు ఈ మందు వాడుతున్నట్లు, లేదా పూర్వం వాడినట్లు, కంటి వైద్యునికి తప్పక చెప్పాలి. ఫినాస్టెరైడ్ వంటివి పెద్ద గ్రంథిని కొంత తగ్గిస్తాయి గాని, ఫలితం కనిపించడానికి ఆరు నెలల వరకు పట్టవచ్చును.

మూత్రం పూర్తిగా బంధించినప్పుడు

ఉన్నట్టుండి మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుడితే బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు, కషాయాలు త్రాగించడం పొరపాటు. ద్వారం మూసి ఉన్నప్పుడు మూత్రాన్ని ఇంకా తయారుచేయించే పదార్థాలు బాధను పెంచుతాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి గొట్టం ద్వారా మూత్రం తీయించుకోవాలి.

ఇంతకంటె ప్రమాదకరమైనది నొప్పిలేని బంధనం. మూత్రాశయం నెలల తరబడి సాగి, నిండి, పొంగి, తెలియకుండానే చుక్కలు కారుతూ ఉంటుంది. 68 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడొకరిని ఆయన భార్య నా వద్దకు తీసుకొని వచ్చారు. నిద్రలో పక్క తడుస్తున్నదని, వయసు వలననే అనుకొన్నామని ఆమె చెప్పారు. ఆయనకు నొప్పి లేదు. కాని పొత్తికడుపు కుండ బోర్లించినట్లు ఉన్నది. నేను ఏ మందూ ఇవ్వక అదే పూట ఆసుపత్రికి పంపాను. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి. గొట్టం వేసి, అవి కొంత కోలుకొన్న తరువాత శస్త్రచికిత్స చేశారు. పెద్దవారిలో కొత్తగా వచ్చిన పక్కతడుపును సిగ్గుతో దాచవద్దని చెప్పడానికే ఈ ఉదంతం వ్రాశాను.

శస్త్రచికిత్స అవసరమయ్యే స్థితులు

1. మూత్రం బంధించి, గొట్టం తీసిన తరువాత మందులు వాడినా మరల బంధించడం.
2. ఈ అడ్డంకి వలన మూత్రపిండాలు ఉబ్బి దెబ్బతినడం.
3. మూత్రాశయంలో రాళ్లు ఏర్పడటం.
4. మూత్రంలో చీము, ఇన్ఫెక్షన్ మాటిమాటికీ రావడం.
5. గ్రంథి నుండి పదేపదే రక్తం పడటం.
6. మందులు సక్రమంగా వాడినా బాధలు తగ్గక జీవితం దుర్భరం కావడం.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా క్యాన్సరు లేదని పరీక్షలతో నిర్ధారించుకోవాలి.

ఎక్కువగా చేసే శస్త్రచికిత్స టి.యు.ఆర్.పి. ఇందులో పొట్టపై కోత ఉండదు. మూత్రమార్గం గుండా సాధనాన్ని పంపి, అడ్డుపడుతున్న లోపలి భాగాన్ని తొలగిస్తారు. బత్తాయి తొనలు తీసి తొక్కను ఉంచినట్లు, గ్రంథి వెలుపలి భాగం మిగిలి ఉంటుంది. అందువలన తరువాత కూడా క్యాన్సరు పరీక్షల అవసరం పోదు. లేజరు పద్ధతులు కూడా ఉన్నాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగా తెలియజేయాలి, తమంతట తాము మానరాదు. ఆపరేషన్ తరువాత వీర్యం వెలుపలికి రాక మూత్రాశయంలోనికి పోవడం చాలామందిలో జరుగుతుంది. ఇది ఆరోగ్యానికి హాని కాదు. కొన్ని వారాలపాటు బరువులు ఎత్తరాదు, ముక్కరాదు.

శస్త్రచికిత్సకు సమ్మతించడం ఆయుర్వేదానికి విరుద్ధమని కొందరి భావన. మూత్రాశయంలోని రాయిని శస్త్రంతో తీసే విధానాన్ని సుశ్రుతుడే వివరించాడు. గుల్మం పక్వమైనప్పుడు అధికారం శస్త్రవైద్యులదేనని చరక సంహిత చెప్పింది. కనుక పై ఆరు స్థితులలో ఏది ఉన్నా, కషాయాలతో కాలయాపన చేయక మూత్రవ్యాధుల శస్త్రవైద్యుని సంప్రదించవలసినదిగా పాఠకులకు నా సలహా.