శేషం మూడంటే పదింట మూడు కాదు
(సంఘ కార్యదర్శులకు, టెస్టర్లకు లెక్కల పాఠం: భిన్నాలను దశాంశాలలోకి మార్చుట)

పాల సంఘాల రిజిస్టర్లు తనిఖీ చేసేటప్పుడు మాకు పదే పదే కనిపించే తప్పు ఒకటి ఉన్నది. సరిదిద్దిన లాక్టోమీటరు రీడింగు 27 వచ్చిందనుకుందాము. ఎస్.ఎన్.ఎఫ్. కట్టడానికి ముందుగా దానిని 4 చేత భాగించాలి. నాలుగు ఆరులు ఇరవై నాలుగు, శేషం 3. ఇంతవరకు అందరూ సరిగానే చేస్తారు. ఆ తరువాత కొందరు 6 పక్కన చుక్క పెట్టి, శేషాన్ని అలాగే తెచ్చి 6.3 అని వేస్తారు. సరియైన విలువ 6.75.

తేడా 0.45. ఈ తేడా నేరుగా ఎస్.ఎన్.ఎఫ్. శాతంలోకి వెళుతుంది. వెన్న శాతంలో భాగాన్ని, స్థిరసంఖ్యను ఎంత సరిగా కలిపినా మొదటి మెట్టులో పోయినది తిరిగి రాదు. మంచి పాలు పోసిన సభ్యుడికి ధర తగ్గుతుంది, లేదా పాలు తిప్పి పంపుతారు. నీళ్ళు కలిపాడన్న మాట ఊరిలో పడుతుంది. నిజానికి ఆ పాలలో లోపమేమీ లేదు, లోపం భాగహారంలో ఉన్నది.

శేషం 3 అంటే నాలుగింట మూడు వంతులు, అనగా ముప్పావు. దశాంశ బిందువు తరువాతి మొదటి అంకె పదో వంతులను తెలుపుతుంది. నాలుగో వంతులను పదో వంతుల స్థానంలో కూర్చోబెట్టడమే ఇక్కడ జరిగిన పొరపాటు. శేషాన్ని పదో వంతులలోకి మార్చిన తరువాతే అక్కడ అంకె వేయాలి. మనం చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న ‘సున్న దింపడం’ అంటే ఈ మార్పిడే.

డబ్బుతో చెప్పుకుంటే సులువుగా ఉంటుంది. 27 రూపాయలను నలుగురికి పంచాలి. తలా 6 ఇస్తే 3 రూపాయలు మిగిలినవి. వాటిని పది పైసల బిళ్ళలుగా మార్చుదాము (ఈ బిళ్ళలు ఇప్పుడు చెలామణిలో లేవు, లెక్క కోసం ఉన్నాయనుకోండి). 30 బిళ్ళలు వచ్చినవి. తలా 7 ఇవ్వగా 2 మిగిలినవి. వాటిని పైసలుగా మార్చితే 20. తలా 5 ఇస్తే ఏమీ మిగలదు. ఒక్కొక్కరికి 6 రూపాయల 75 పైసలు. కాగితం మీద శేషం పక్కన సున్న దింపిన ప్రతిసారీ మనం చేస్తున్నది ఈ చిల్లర మార్పిడే. 4 చేత భాగించినప్పుడు శేషం 1 అయితే .25, 2 అయితే .50, 3 అయితే .75. ఇంకొక అంకె రావడానికి వీలు లేదు. ఎస్.ఎన్.ఎఫ్. కాగితంలో ఈ మెట్టు దగ్గర .1 గాని .2 గాని .3 గాని కనిపిస్తే అది తప్పేనని లెక్క చేయకుండానే చెప్పవచ్చు.

ఇప్పుడు చాలా కేంద్రాలలో యంత్రమే పరీక్ష చేసి చీటీ ఇస్తున్నది, ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. కరెంటు లేని పూట, యంత్రం మరమ్మతుకు వెళ్ళిన వారం పాలు పోయడం ఆగదు కదా. అదీగాక, ఎంతవరకు భాగించాలి, ఎక్కడ ఆపాలి అన్నది యంత్రం చెప్పదు. ఆ సంగతి ముందు చూద్దాము.

రెండవ చిక్కు సున్నలది. కిలోలలో తూచిన పాలను లీటర్లలోకి మార్చడానికి 1.03 చేత భాగిస్తాము. భాజకంలో దశాంశ బిందువు ఉంటే ముందు దానిని తొలగించాలి. 1 ÷ 1.03 అన్నా, 100 ÷ 103 అన్నా ఒకటే. 100లో 103 పోదు కనుక 0 వేసి చుక్క పెట్టాలి. సున్న దింపితే 1000. తొమ్మిది సార్లు పోయి 927, శేషం 73. సున్న దింపితే 730. ఏడు సార్లు పోయి 721, శేషం 9. సున్న దింపితే 90. ఇందులో 103 పోదు. పోనప్పుడు లబ్ధంలో సున్న వేసి, ఆ తరువాతనే ఇంకొక సున్న దింపాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. లబ్ధంలో సున్న వేయకుండా రెండు సున్నలు ఒకేసారి దింపి, 900లో ఎనిమిది సార్లని వేస్తారు. జవాబు 0.9708 కావలసింది 0.978 అవుతుంది. 400 కిలోల పాలకు సరియైన లెక్క 388.35 లీటర్లు. సున్న మరచినవారి లెక్క 391.20. పుస్తకంలో లేని పాలు దాదాపు మూడు లీటర్లు పుట్టుకొచ్చినవి. నెల చివర డెయిరీ లెక్కకూ సంఘం లెక్కకూ పొత్తు కుదరక కార్యదర్శి తల పట్టుకుంటాడు. ఒక దింపుడుకు ఒక అంకె అన్న నియమాన్ని పట్టుకుంటే ఈ తప్పు రాదు.

కొన్ని భాగహారాలు ముగుస్తాయి, కొన్ని ముగియవు. భిన్నాన్ని కుదించిన తరువాత హారంలో 2, 5 తప్ప వేరే కారణాంకాలు లేకపోతే ఎక్కడో ఒకచోట శేషం సున్న అవుతుంది. 5/8 అంటే 0.625, అక్కడితో సరి. హారంలో 3, 7, 11, 37 వంటివి ఉంటే శేషం ఎన్నడూ సున్న కాదు. 7 చేత భాగిస్తే రాగల శేషాలు 1 నుంచి 6 వరకే గనుక ఆరు మెట్లలోపల ఏదో ఒకటి రెండవసారి వచ్చి తీరుతుంది. వచ్చినదే వస్తే అంకెలూ మళ్ళీ అవే వస్తాయి. 1/7 అంటే 0.142857, మళ్ళీ 142857. దీనిని ఆవర్తిత దశాంశం అంటారు. మన పక్షం బిల్లుకు 15 రోజులు. పదిహేనులో మూడు ఉన్నది. అందుకే ఒక సభ్యుడు పక్షంలో 128 లీటర్లు పోస్తే రోజు సగటు 8.5333 అని సాగుతూ ఉంటుంది. సగటుకు 8.53 చాలు, అంతకు మించి శ్రమ దండగ.

అన్నిచోట్లా రెండు అంకెలు చాలవు. బోనస్ పంపకంలో రెండు అంకెలకే ఆపడం వల్ల వచ్చే నష్టం మామూలుది కాదు. ఉదాహరణకు ఒక సంఘంలో చట్టప్రకారం నిధులకు కేటాయింపులు పోగా బోనస్ కింద పంచడానికి 17,000 రూపాయలు ఉన్నవనుకుందాము. ఆ ఏడాది సభ్యులకు చెల్లించిన పాల విలువ 3,70,000 రూపాయలు. పాల విలువలో రూపాయికి ఎంత బోనస్ వస్తుంది? 17,000 ÷ 3,70,000, అంటే 17 ÷ 370.

17లో 370 పోదు, 0 వేసి చుక్క పెట్టాలి. 170లోనూ పోదు, మళ్ళీ 0. 1700లో నాలుగు సార్లు, శేషం 220. 2200లో ఐదు సార్లు, శేషం 350. 3500లో తొమ్మిది సార్లు, శేషం 170. ఈ 170 ఇంతకుముందు వచ్చినదే. కనుక లబ్ధం 0.0459459459 అని 459 తిరుగుతూ పోతుంది.

ఎక్కడ ఆపాలి? 0.04 దగ్గర ఆపితే పంచేది 14,800 మాత్రమే. 2,200 రూపాయలు సభ్యులకు చేరకుండా నిలిచిపోతాయి. పోనీ దగ్గరి అంకెకు సవరించి 0.05 అందామా, 18,500 కావాలి, చేతిలో లేని 1,500 ఎక్కడనుంచి తెస్తారు? 0.045కు 350 మిగులుతుంది. 0.0459కు 17 రూపాయలు. 0.045945 వరకు పోతే మిగిలేది 35 పైసలు. ఏడాదికి 4,200 రూపాయల పాలు పోసిన సభ్యురాలికి మొదటి లెక్కన 168 రూపాయలు వస్తాయి. చివరి లెక్కన 192 రూపాయల 96 పైసలు. ఒక్క గేదెతో సంసారం నెట్టుకొచ్చే మనిషికి ఆ పాతిక రూపాయలు సంఘం బాకీ పడ్డట్టే. కార్యదర్శి వాటిని జేబులో వేసుకోలేదు, నిజమే. కాని సర్వసభ్య సమావేశంలో ఎవరైనా లేచి 2,200 ఏమైనదని అడిగితే, భాగహారం అక్కడ ఆపాను అన్న జవాబు ఎవరికీ రుచించదు.

ఇందుకు మేము చెప్పే సూత్రం ఒక్కటే. మొత్తం పాల విలువలో రూపాయల అంకెలు ఎన్ని ఉంటే, చుక్క తరువాత అన్ని స్థానాల వరకు భాగించండి. 3,70,000లో ఆరు అంకెలు, కనుక ఆరు స్థానాలు. ఇలా చేస్తే మొత్తం మీద మిగిలేది ఎప్పుడూ రూపాయిలోపే ఉంటుంది. పంపకం లెక్కలో చివరి అంకెను పైకి సవరించవద్దు, అక్కడికి కోసివేయండి. ఐదు స్థానాలకు 0.04594 అని కోస్తే 2 రూపాయల 20 పైసలు మిగులుతాయి. సవరించి 0.04595 అంటే 1 రూపాయి 50 పైసలు తక్కువపడతాయి. మిగిలినదానిని పుస్తకంలో చూపవచ్చు, తక్కువపడినదానిని ఎవరో ఒకరు భరించవలసిందే.

సవరింపు వల్ల నష్టం జరగడం మనకు కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు అణా అంటే రూపాయిలో పదహారో వంతు, 1/16. భాగిస్తే 0.0625, అంటే ఆరుంబావు పైసలు. పావు పైసా నాణెం లేదు గనుక అణాకు 6 పైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. పావలాలతో లెక్క సరిపోయింది. ఒక్కొక్క అణాగా పదహారు అణాలు మార్చుకున్నవారికి మాత్రం వచ్చినవి 96 పైసలే.

రూపాయికి వచ్చిన రేటును ప్రతి సభ్యుని పాల విలువతో గుణించిన తరువాత పైసాలో భాగం వస్తే దానినీ వదిలివేయండి. 120 మంది సభ్యులున్నా దానివల్ల మిగిలేది 1 రూపాయి 20 పైసలకు మించదు. ఇలా మిగిలిన మొత్తాన్ని బోనస్ జాబితా అడుగున ‘పంపకంలో మిగులు’ అని వేరుగా చూపి పాలకవర్గం చేత సంతకం చేయించాలి. భాగహారం చేసిన చిత్తు కాగితాన్ని కూడా జాబితాకు జతపరచండి. ఆడిటరు అడిగేది ముందుగా దానినే.

సాధనకు కొన్ని లెక్కలు: (1) 29 ÷ 4 (2) 7/12 నాలుగు స్థానాలకు (3) 250 కిలోల పాలు ఎన్ని లీటర్లు? (4) బోనస్ 9,600, పాల విలువ 2,75,000 అయితే రూపాయికి ఎంత?

జవాబులు: (1) 7.25 (2) 0.5833 (3) 242.72 (4) 0.034909. నాలుగవ లెక్కలో 0.0349 తరువాత ఒక సున్న ఉన్నది, దాటిపోవద్దు. నాలుగు స్థానాల దగ్గర ఆపితే మిగులు 2 రూపాయల 50 పైసలు, ఆరు స్థానాల వరకు పోతే మూడు పైసలలోపు.