జొన్నరొట్టె విరగకుండా చేయడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం రాయమన్నారు. నేను జొన్నరొట్టె గురించి రాస్తున్నాను. నవ్వకండి, ఇందులోనూ సైన్సు ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇవి చాలావరకు పాత వరంగల్ జిల్లాలోనివే. పత్తి, వరి ఇంతగా పెరగకముందు మన చెలకల్లో జొన్న ఉండేది. ఇంట్లో గటక, రొట్టె ఉండేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల ఇళ్లలోనూ అన్నం ఉడికింది. అది మేలే. కానీ రొట్టె మాత్రం లేనోళ్ల తిండి అనిపించుకుంది. అమ్మ కట్టిచ్చిన రొట్టెలను నేను పెట్టె అడుగున దాచి, లైట్లు ఆర్పాక తిన్నాను. ఎవరైనా చూస్తారని భయం. అవే జొన్నల కోసం, ఇతర చిరుధాన్యాల కోసం ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ సంవత్సరంగా జరిపింది!

ఉద్యోగం వచ్చాక సొంతంగా చేయబోతే మొదటి రొట్టె పెంక మీదికి చేరకముందే మూడు ముక్కలైంది. నేను చన్నీళ్లు పోశాను. దసరాకు ఇంటికి పోతే అమ్మ "నీళ్లు మసలనియ్యి బిడ్డా" అన్నది. కారణం ఇది. గోధుమపిండిలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది, జొన్నలో ఉండదు. మరిగే నీళ్లు పడితే జొన్నలోని పిండిపదార్థం ఉబ్బి జిగురుగా మారుతుంది. రొట్టెను పట్టి ఉంచేది అదే.

రెండు గ్లాసుల పిండికి ఇంచుమించు రెండు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి మరిగించండి. ఒకేసారి పోయకుండా కొంచెం కొంచెంగా పోస్తూ గరిటెతో కలపండి. చేయి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో బాగా మర్దించాలి. ఇక్కడ బద్ధకిస్తే అంచులు పగులుతాయి. గిర్నీలో కొత్తగా పట్టించిన పిండే వాడండి, పాతబడితే జిగురు రాదు.

పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను తిప్పుతూ అరచేత్తో కొట్టాలి. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా కాలిన పెంక మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్దండి. తడి ఆరగానే తిప్పండి. రెండోవైపు కాలాక నిప్పుల మీద పెడితే పొంగుతుంది.

ఎల్లిగడ్డ కారమో, పుంటికూరో ఉంటే చాలు. విరిగిన రొట్టెను పారేయకండి. మజ్జిగలో నానబెట్టి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినండి. నా మొదటి రొట్టె ఇప్పటికీ మజ్జిగలోకే పోతుంది.